తొమ్మిది నెలల పంట.. మూడు వారాల పరీక్ష
ఉడకబెట్టడం, ఆరబెట్టడంలోనే పసుపు రైతు బేరం బలం

గంజ్‌లో పసుపు రాశి ముందుకు వచ్చిన ఖరీదుదారు ముందుగా చేసే పని ఒక్కటే. రాశి అడుగు నుంచి ఓ కొమ్ము లాగి రెండు చేతులతో విరుస్తాడు. రేకు మోగినట్టు ‘టక్’మంటే సరుకు ఆరిందన్నమాట. వంగి మెత్తగా తెగిందా.. సగం బేరం అక్కడే అయిపోయినట్టు. తర్వాత విరిగిన చోట రంగు చూస్తాడు. అంచు నుంచి నడిమి దాకా ఒకే పసుపు ఉందా, మధ్యలో తెల్లగా పాలిపోయిందా, నల్లగా మాడిందా అని చూస్తాడు. ఆఖరున ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షలో రైతు తొమ్మిది నెలల కష్టానికి ధర పడిపోతుంది.

విత్తనం, ఎరువు, నీళ్లు, కలుపు.. వీటి మీద రైతు ఏడాదంతా ఆలోచిస్తాడు. కానీ ఆ కొమ్ము విరిగినప్పుడు కనబడేది మాత్రం తవ్విన తర్వాత జరిగిన మూడు వారాల పని. దుంప ఎంత సేపు ఉడికింది, ఎక్కడ ఆరింది, రాత్రుళ్లు మంచుకు తడిసిందా.. అన్నీ అందులో ఉంటాయి. పసుపుకు కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. మార్కెట్ ధర రైతు చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఈ మూడు వారాలే.

సరిహద్దు రైతుకు రెండింతలు

ఈ మాట సరిహద్దుకు అవతల ఉంటున్న తెలుగు రైతులకు మరీ వర్తిస్తుంది. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి వైపు తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మహారాష్ట్రలోని బస్మత్, హింగోలి మార్కెట్లు ఒక దారి. బాసర మీదుగా గోదావరి వంతెన దాటి నిజామాబాద్ యార్డుకు రావడం ఇంకో దారి. నిజామాబాద్ నుంచి సాంగ్లీకి సరుకు తీసుకెళ్లే రైతులూ ఉన్నారు. తమిళనాడులో సేలం, కోయంబత్తూరు, ఈరోడు ప్రాంతాల తెలుగువారికి ఈరోడే పెద్ద సంత. ఊరు మారితే పేరూ మారుతుంది. పిల్ల దుంపను నిజామాబాద్‌లో కాడి అంటారు, దుగ్గిరాలలో కొమ్ము అంటారు, మరాఠీలో హళకుండ, ఈరోడులో విరలి. తల్లి దుంప నిజామాబాద్‌లో గోళ, దుగ్గిరాలలో కాయ, ఈరోడులో కిళంగు. పేర్లు ఎన్నయినా పరీక్ష మాత్రం ఒక్కటే. విరిచి చూడటమే!

బండి కట్టుకుని రాష్ట్రం దాటి వచ్చిన రైతుకు ఓ ఇబ్బంది ఉంది. ‘తేమ ఎక్కువుంది, రేటు తగ్గిస్తాం’ అంటే సరుకును వెనక్కు తీసుకుపోలేడు. మళ్లీ కిరాయి, మళ్లీ హమాలీ. పైగా తడి సరుకు బస్తాల్లో నాలుగు రోజులుంటే వేడెక్కి బూజు పడుతుంది. అందుకే అడిగిన ధరకు ఇచ్చేసి వెళతాడు. అదే సరుకు గట్టిగా ఆరి ఉంటే ‘ఇవాళ కాకపోతే వచ్చే నెల’ అనగలడు. గోదాములో పెట్టగలడు, ఇంకో మార్కెట్ చూడగలడు. ఆరిన పసుపు ఆగగలదు. ఆరని పసుపు ఆగలేదు. రైతు బేరం బలమంతా ఈ తేడాలోనే ఉంది.

తవ్విన మూడు రోజుల్లోపు..

జూన్ ప్రాంతంలో నాటిన పసుపు రకాన్ని బట్టి 7 నుంచి 9 నెలల్లో చేతికొస్తుంది. ఆకులు పండి ఎండిపోయి నేలకు వాలితే దుంప ముదిరినట్టు. తొందరపడి లేతగా తవ్వితే దుంపలో నీరెక్కువ, పిండి తక్కువ. ఆరాక ముడతలు పడుతుంది, బరువు రాదు. ఎంత బాగా ఉడికించినా, ఎంత బాగా ఆరబెట్టినా ఆ లోటు తీరదు.

తవ్విన దుంప ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. గాలి పీలుస్తూ, తనలోని పిండిని తానే ఖర్చు చేసుకుంటూ ఉంటుంది. కుప్పగా పోసి వదిలేస్తే లోపల వేడి పుడుతుంది, కుళ్లు మొదలవుతుంది. అందుకే తవ్విన రెండు మూడు రోజుల్లోపు ఉడకబెట్టాలని సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రాలు చెబుతున్నాయి. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ సూచన కూడా ఇదే. బాయిలర్ దొరక్క ఆలస్యమైతే దుంపలను నీడలో ఉంచి, రంపపు పొట్టో కొబ్బరి పీచు పొట్టో కప్పి పెట్టాలి. ఎండలో కుప్ప వేయకూడదు.

ఈలోగా చేయాల్సిన పని ఇంకొకటుంది. మట్టి, వేర్లు తీసేసి తల్లి దుంపలను, పిల్ల కొమ్ములను విడదీయాలి. విత్తనానికి కావాల్సినవి ముందే పక్కన పెట్టుకోవాలి. తల్లి దుంప లావు, కొమ్ము సన్నం. రెండూ ఒకే కడాయిలో వేస్తే గోళ ఉడికే సరికి కాడి మెత్తబడిపోతుంది. కాడి చూసి దించితే గోళ నడుమ పచ్చిగా మిగులుతుంది. ఏరివేతకు కూలి ఖర్చవుతుందని కలిపి ఉడకబెట్టిన చోట రెండింటికీ ధర తగ్గుతుంది. ఈ ఏరివేత పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. గ్రేడు ముందుగా తేలేది వాళ్ల చేతుల్లోనే.

ఉడకబెట్టేది ఎందుకంటే..

‘ఎలాగూ ఎండబెట్టేదే కదా, ఉడకబెట్టడం దేనికి’ అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఉడికితే దుంపలో ప్రాణం పోతుంది, మొలక రాదు. లోపలి పిండి జిగురుగా మారి, ఆరాక గట్టిపడుతుంది. పచ్చి దుంపలో అక్కడక్కడా ఉండే రంగు అంతటా సమానంగా పరుచుకుంటుంది. పచ్చి వాసన పోతుంది. అన్నిటికీ మించి, ఉడికిన దుంప త్వరగా ఆరుతుంది.

కడాయిలో దుంపలు మునిగేలా నీళ్లు పోసి ఉడికించే పాత పద్ధతిలో 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. గడియారం కంటే కన్ను, ముక్కు నమ్మదగినవి. పైన నురగ కడుతుంది. తెల్లని ఆవిరితో పాటు పసుపు ఘాటు వాసన గుప్పుమంటుంది. ఒక దుంప తీసి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉండాలి. మొద్దు పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. అక్కడితో ఆపాలి. దాటితే రంగు చెడిపోతుంది. ముందే దించితే ఆరిన తర్వాత పెళుసుగా తునకలవుతుంది. పాలిష్ డ్రమ్ములో ఆ తునకలే చూరగా రాలిపోతాయి. కాడి ధర రావాల్సిన సరుకు చూర ధరకు పోతుంది.

పూర్వం నీళ్లలో పేడ కలిపేవారు. కొన్నిచోట్ల సున్నం, సోడా వేసేవారు. రంగు తేలుతుందని నమ్మకం. తిండి సరుకులో పేడ కలిపే రోజులు పోయాయి. శుభ్రమైన నీళ్లు చాలు. ఇప్పుడు చాలా చోట్ల ఆవిరి బాయిలర్లు అద్దెకు తిరుగుతున్నాయి. దుంప నీళ్లలో మునగదు, ఆవిరికే ఉడుకుతుంది. సమయం, నీరు, వంటచెరకు కలిసొస్తాయి. అయితే బాయిలర్ వాడు వరుసగా పొలాలు తిరగాలి. తొందరలో ఒక విడత తక్కువ, ఒక విడత ఎక్కువ ఉడికించే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతి విడతలోనూ రైతు నాలుగు దుంపలు తీసి నొక్కి చూసుకోవాల్సిందే. డబ్బులిచ్చాం కదా అని మంచం మీద కూర్చుంటే అంతే సంగతులు.

పలచగానా.. దట్టంగానా?

ఉడికిన దుంపలో ఇంకా ముప్పాతికకు పైగా నీరే. దాన్ని 10 శాతానికి దించాలి. ఎండకైతే 10 నుంచి 15 రోజులు పడుతుంది. రకాన్ని బట్టి నూరు కిలోల పచ్చి పసుపుకు సుమారు 20 నుంచి 25 కిలోల ఎండు పసుపు వస్తుంది. ఇక్కడే రైతులు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు.

త్వరగా ఆరాలని మరీ పలచగా పరిస్తే రంగు వెలిసిపోతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్‌కు వెలుతురు పడదు. పసుపు మరక పడిన బట్టను ఎండలో ఆరేస్తే మరక పోతుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. కల్లంలోనూ జరిగేది అదే. అలాగని మోకాలెత్తు పోస్తే అడుగున చెమ్మ పట్టి బూజు వస్తుంది. 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం, అంటే రెండు మూడు అంగుళాలు, సరైన కొలత. రోజూ తిరగెయ్యాలి. సాయంత్రం కుప్ప చేసి గాలి ఆడే గుడ్డ కప్పాలి. గాలి ఆడని పట్టాను రాత్రంతా బిగించి కడితే లోపలి చెమ్మ ఆవిరై పైకి లేచి, మళ్లీ దుంపల మీదే పడుతుంది.

పరిచే చోటు కూడా ముఖ్యమే. సిమెంటు గచ్చు, వెదురు తడికలు, శుభ్రమైన టార్పాలిన్ మంచివి. మట్టి నేల మీద పోస్తే దుమ్ము, రాళ్లు, పశువుల పేడ అంటుకుంటాయి, నేల చెమ్మ పీలుస్తుంది. తారు రోడ్డు మీద పోస్తే ఆ మురికీ పసుపుదే. కౌలు రైతుకు, చిన్న రైతుకు గచ్చు ఉండదు. అందుకే వాళ్ల సరుకు ఎక్కువగా తక్కువ గ్రేడులో పడుతోంది. పది మంది కలిసి ఊరుమ్మడి కల్లం కట్టుకోవడం దీనికి మందు. వేడి గాలి యంత్రాలతోనూ ఆరబెట్టవచ్చు. వేడి 60 డిగ్రీలు మించకూడదు. మించితే సువాసన ఇచ్చే నూనె ఎగిరిపోతుంది.

ఆకాశం మీద ఆధారపడే పని కాబట్టి మబ్బు కనిపిస్తే గుండె దడే. పసుపు ఆరబెట్టేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అకాల వానలు, వడగళ్లు వచ్చే కాలం కూడా అదే. 2023 మార్చిలో తెలంగాణ, మరాఠ్వాడాల్లో అవే వానలు రైతులను ముంచాయి. సగం ఆరిన పసుపు తడిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు రైతు మొత్తం రాశిని కలిపేయకూడదు. తడిసింది వేరుగా, తడవనిది వేరుగా ఆరబెట్టాలి. కలిపితే ఒక్క బస్తా బూజు పది బస్తాలకు పాకుతుంది.

తడి బరువు లాభమా?

‘కాస్త తడిగా అమ్మితే బరువు కలిసొస్తుంది కదా’ అనే ఆశ పాతదే. లెక్క వేసి చూస్తే సంగతి తేలుతుంది. 10 శాతం తేమ ఉన్న క్వింటాలు పసుపులో అసలు సరుకు 90 కిలోలు. అదే సరుకును 14 శాతం తేమతో అమ్మితే బరువు 104 కిలోల 650 గ్రాములు తూగుతుంది. అంటే క్వింటాలుకు నాలుగున్నర కిలోలు ఎక్కువ. మాటవరసకు ధర రూ.12 వేలు అనుకుందాం. పెరిగిన బరువు విలువ రూ.558. కానీ ఖరీదుదారు తేమ పేరు చెప్పి క్వింటాలుకు రూ.535 తగ్గిస్తే చాలు, ఆ లాభమంతా పోయినట్టే. అంతకు మించి తగ్గించిన ప్రతి రూపాయి రైతు జేబులోంచే. తేమ ఎక్కువున్న రాశికి కోత అంతటితో ఆగుతుందని ఏ రైతూ నమ్మడు.

ఇంకో సంగతి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం పసుపు కొమ్ముల్లో తేమ 12 శాతం, పసుపు పొడిలో 10 శాతం మించకూడదు. తేమ మిగిలిన దుంపలో పెరిగే కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉడకబెట్టినా, పొడి కొట్టినా పోదు. యూరప్ దేశాలు మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే పసుపును తిప్పి పంపుతాయి. ఒక కల్లంలో తడి మిగిలితే ఓడ రేవు దాకా ఆ ప్రభావం పోతుందన్నమాట.

రంగు పూత.. ప్రాణాలకు కోత

ఆరిన పసుపు చూడటానికి గరుకుగా, మట్టి రంగులో ఉంటుంది. డ్రమ్ములో వేసి తిప్పితే పై పొట్టు, వేర్ల మొదళ్లు రాలి నునుపు తేలుతుంది. సరిగ్గా ఆరకముందే పాలిష్ పడితే పొట్టుతో పాటు కండ కూడా పోతుంది. పూర్తిగా ఆరాకే డ్రమ్ములో వేయాలి.

పాలిష్ దగ్గరే ఇంకో ప్రమాదం పొంచి ఉంది. తడిసి రంగు పోయిన సరుకుకు మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు పూయడం. బంగ్లాదేశ్ అనుభవం ఇందుకు గుణపాఠం. 1980ల్లో వచ్చిన వరదలకు పసుపు తడిసి నల్లబడటంతో అక్కడ పాలిష్ చేసే చోట ఈ రంగు వాడకం మొదలైందని, తర్వాత అదే అలవాటుగా మారిందని పరిశోధకులు గుర్తించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని పరిశోధకులు కలిసి చేసిన ఈ అధ్యయనం 2019లో వెలువడింది. లెడ్ క్రోమేట్‌లో ఉన్నది సీసం. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్ ప్రభుత్వం దాడులు, జరిమానాలు, ప్రచారం ఒకేసారి చేపట్టింది. 2019లో 47 శాతం నమూనాల్లో కనిపించిన సీసం 2021 నాటికి సున్నాకు వచ్చింది. మన దేశంలోనూ పాట్నా నుంచి తీసుకున్న నమూనాల్లో ప్రమాదకర స్థాయిలో సీసం బయటపడినట్టు 2024లో మరో అధ్యయనం తెలిపింది. పసుపులో లెడ్ క్రోమేట్ కలపడం చట్టప్రకారం నేరం.

ఈ కథంతా మొదలైంది ఆరబెట్టడం చెడిపోయిన చోటే. కల్లంలో రంగు నిలబడితే డ్రమ్ములో రంగు పూయాల్సిన పని లేదు.

రకం ఇచ్చేది రకమే

కర్‌క్యుమిన్ ఎంతన్నది విత్తనం, నేల తేలుస్తాయి. మేఘాలయ లకడాంగ్ పసుపులో అది 7 శాతం దాకా ఉంటుంది. మనవైపు వేసే చాలా రకాల్లో అంతకంటే బాగా తక్కువ. ఉడకబెట్టడం, ఆరబెట్టడం వల్ల ఆ శాతం పెరగదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉంది. 5 శాతం రకాన్ని వేసి, ఎండలో పలచగా నెల రోజులు వదిలేస్తే విత్తనానికి పెట్టిన డబ్బు వృథా. మందుల కంపెనీలు, రంగు తీసే కంపెనీలు కర్‌క్యుమిన్ శాతం చూసి కొంటాయి. కాబట్టి మంచి రకం వేసిన రైతుకే ఆరబెట్టడంలో శ్రద్ధ మరింత అవసరం.

సాంగ్లీ పేవుల పాఠం

ఆరిన పసుపు ఎంతకాలం ఆగగలదో చూడాలంటే సాంగ్లీ పక్కన కృష్ణ ఒడ్డునున్న హరిపూర్ కథ వినాలి. అక్కడ నేలలో గోతులు తవ్వి పసుపు దాచేవారు. వాటిని ‘పేవు’ అంటారు. సరుకు నింపి మూత మీద మట్టితో మూసేస్తే లోపల గాలి ఆడదు, పురుగు బతకదు. తెరిచాక మనిషి వెంటనే దిగకూడదు, గాలి చేరే దాకా ఆగాల్సిందే. ఏళ్ల తరబడి పసుపు రంగు, వాసన చెడకుండా ఉండేది. 2005 వరదలు ఈ పేవుల్లో చాలా వాటిని దెబ్బతీశాయి. సాంగ్లీ పసుపుకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈరోడు పసుపుకు, ఒడిశాలోని కంధమాల్ పసుపుకు 2019లో వచ్చింది.

ఆ పేవుల్లోకి తడి సరుకు పోతే గొయ్యంతా కుళ్లేది. ఇప్పటి శీతల గిడ్డంగులకైనా ఇదే సూత్రం. ఆరిన సరుకును గుర్తింపు ఉన్న గిడ్డంగిలో పెడితే ఆ రసీదు మీద బ్యాంకు రుణం వస్తుంది. అప్పు తీర్చడానికి కోసిన వారమే అమ్ముకోవాల్సిన అగత్యం తప్పుతుంది. కానీ గిడ్డంగి వాడు కూడా ముందు తేమే చూస్తాడు.

పసుపు బోర్డు కోసం నిజామాబాద్ రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిస్తే వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. చివరకు 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే. జాతీయ బోర్డు కాబట్టి అది ఒక్క తెలంగాణకే కాదు, ధర్మాబాద్ రైతుకూ, ఈరోడు రైతుకూ చెందినదే. సూచనల కరపత్రాలు నాందేడ్‌లో మరాఠీలో, ఈరోడులో తమిళంలో అందుతుంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుకు ఉడకబెట్టే, ఆరబెట్టే పద్ధతులు తెలుగులో అందితే ఉపయోగం. ఊరుమ్మడి కల్లాలు, అద్దె బాయిలర్లు, తేమ కొలిచే యంత్రాలు సరిహద్దు గ్రామాలకూ చేరితే ఇంకా ఉపయోగం.

గుర్తుంచుకోవాల్సినవి

* తవ్విన రెండు మూడు రోజుల్లోపు ఉడకబెట్టాలి. తల్లి దుంప, కొమ్ము వేర్వేరుగా.
* నురగ, తెల్లని ఆవిరి, ఘాటు వాసన రాగానే నొక్కి చూసి దించాలి.
* రెండు మూడు అంగుళాల మందంలో పరచాలి. రోజూ తిరగెయ్యాలి, రాత్రి గాలి ఆడే గుడ్డ కప్పాలి.
* వానకు తడిసిన దాన్ని మంచి సరుకులో కలపకూడదు.
* బండి కట్టే ముందు ఇంటి దగ్గరే పది కొమ్ములు విరిచి చూడాలి. ‘టక్’మనకపోతే ఇంకో రెండు రోజులు ఆగడమే మేలు. గోదావరి దాటాక ఆగే వీలుండదు.